చెత్త లేని ఇల్లు

మా ఇంట్లో చెత్త లేదన్న సంగతి బయటపడ్డాక చాలా రోజులు నేను వీధిలో తలెత్తుకుని తిరగలేకపోయాను. ఎదురింటివాళ్లు జాలిగా చూసేవారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూడగానే మాట మార్చేసేవారు. "పాపం, పైకి బాగానే కనిపిస్తారు" అని ఒకావిడ అనడం చెవులారా విన్నాను. అప్పులపాలైనవాళ్లని చూశాను, పరువు పోగొట్టుకున్నవాళ్లని చూశాను గానీ, చెత్త లేక చితికిపోయిన సంసారం మాదే మొదటిదనుకుంటాను.

మాది పాలకొల్లు పక్కన కాలవగట్టు మీద ఊరు. మా ఆయన గంగరాజు కొబ్బరి కొట్లో గుమస్తా. కొబ్బరికాయ వచ్చే ఇంట్లో పారేయడానికి ఏముంటుంది చెప్పండి? డొక్కలు పొయ్యిలోకి, పీచు గిన్నెలు తోమడానికి, ఈనెలు చీపుళ్లకి, మట్టలు దడికి. ఇక మా అత్తగారు వెంకాయమ్మ గారున్నారు. ఆవిడ చేతిలో పడ్డ చీరకి మోక్షం లేదు, అన్నీ పునర్జన్మలే. చీర బొంతవుతుంది, బొంత గుమ్మం ముందు పట్టా అవుతుంది, పట్టా మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది, ఆ బూడిద పాదుల్లోకి వెళుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఇదంతా పిసినారితనం అనుకుని లోపల్లోపల సణుక్కునేదాన్ని. తరవాత తరవాత నాకూ అదే అలవాటైపోయింది.

ఇలా ఉండగా, మా అమ్మాయి జోషిత చదివే హరితశిఖర ఇంగ్లీషు మీడియం స్కూలు కరస్పాండెంటు రామభద్రయ్య గారు విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో జరిగిన పర్యావరణ సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు అందరిలాగే రైలెక్కి వెళ్లారు. వచ్చేటప్పుడు మాత్రం భూగోళాన్ని భుజానేసుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే తల్లిదండ్రులందర్నీ పిలిచి మైకు పట్టుకున్నారు.

"గౌరవనీయులైన తల్లిదండ్రులారా! భూమాత విలపిస్తోంది. ఆ కన్నీరు తుడిచే గురుతర బాధ్యతను మన విద్యాసంస్థ స్వీకరించింది. నేటి నుంచి 'వ్యర్థం నుంచి అర్థం' అను మహత్తర కార్యక్రమానికి శ్రీకారం చుడుతున్నాం. ప్రతి విద్యార్థీ తన ఇంటి వ్యర్థాలతో, స్వహస్తాలతో ఒక కళాఖండమును రూపొందించి సమర్పించవలెను. సమర్పించని యెడల పై తరగతికి పంపబడరు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. జోషిత అప్పుడు ఐదో తరగతి. చదువులో ముందుంటుంది, అది సరే, దాని చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. చింతగింజ కనిపిస్తే పురుగుని చేస్తుంది, తాటాకు కనిపిస్తే చిలకని చేస్తుంది. ఈ పరీక్ష ఎవరు తప్పినా నా కూతురు తప్పదు, ఆరో తరగతి కొంగున కట్టుకున్నట్టే అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదన్న మాట నాకప్పుడు గుర్తు రాలేదు.

ఆ ఆదివారం జోషిత కొబ్బరి డొక్కతో పడవ చేసింది. దానికి ఈనెల తెడ్లు, పాత లంగా ముక్కతో తెరచాప, పడవ ముందు పీచు గడ్డంతో ఒక సరంగు. నీళ్ల తొట్లో వేస్తే నిజంగానే తేలింది. మా ఆయన కొట్టు నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా తొట్టి దగ్గర కూర్చుని దాన్ని ఊదుతూ ఆడుకున్నారు.

సోమవారం బళ్లోకి పట్టుకెళ్లింది. మంగళవారం నన్ను రమ్మన్నారు.

ప్రిన్సిపాల్ సుభాషిణి మేడం పడవని బల్ల మీద పెట్టుకుని, "చాలా ముచ్చటగా ఉందమ్మా. కానీ ఇది చెల్లదు" అన్నారు.

"ఏమండీ?"

"ఇది ప్రామాణిక వ్యర్థం కాదు. కరస్పాండెంటు గారు సదస్సు నుంచి పుస్తకం తెచ్చారు. అందులో ఉన్న వ్యర్థాలే వ్యర్థాలు." అని రంగురంగుల బొమ్మల పుస్తకం తీసి మొదటి పేజీ చూపించారు. పొట్టిగా, నిటారుగా నల్లపిట్ట ఒకటి నిలబడి ఉంది. "ఇది పెంగ్విను. గొట్టంతో చెయ్యాలి."

"ఏ గొట్టమండీ?"

"టాయిలెట్ పేపరు చుట్ట అయిపోయాక మధ్యలో మిగులుతుంది చూడండి, అట్ట గొట్టం. అది."

"మా ఇళ్లలో అదెక్కడిదండీ? మేము చెంబు వాడతాం కదా."

మేడం గొంతు తగ్గించారు. డాక్టరు గారు పెద్ద జబ్బు పేరు చెప్పేముందు తగ్గిస్తారే, అలాగ. "అదేనమ్మా మన దురదృష్టం. కార్యక్రమం అంతర్జాతీయ స్థాయిది. మన ఊరి చెత్తేమో నాసిరకం."

"పోనీ రెండో పేజీలో ఏముందండీ?"

"కోడిగుడ్ల అట్టపెట్టె."

"మాకు కొట్లో కాగితం పొట్లం కట్టిస్తారండీ."

"మూడో పేజీ, పాలు వచ్చే అట్టడబ్బా."

"మాకు గేదె ఇస్తుందండీ."

మేడం పుస్తకం మూసేశారు. పడవని నా చేతిలో పెట్టి, "పాప తెలివైంది. మీరు కాస్త మీ జీవన విధానం మెరుగుపరచుకుంటే ఆరో తరగతికి వెళ్లిపోతుంది" అన్నారు. గుమ్మం బయట జోషిత నిలబడి ఉంది. పడవ నా చేతిలో చూడగానే దాని మొహం ఇంత చిన్నదైపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ఆరో తరగతి వాళ్ల చేతిలో ఉంది కదా, నోరు మూసుకుని వచ్చేశాను.

ఇంటింటికీ ఇదే కబురు వెళ్లింది. దాంతో ఊరు ఊరంతా నాణ్యమైన చెత్త కోసం వేటలో పడింది. ఫ్యాన్సీ కొట్టువాడు భీమవరం నుంచి టాయిలెట్ పేపరు చుట్టలు బస్తాల్లో దింపాడు. తల్లులు అవి కొనుక్కుని, ఇంటికి పోయేదాకా కూడా ఆగకుండా కాలవగట్టు మీదే నిలబడి కాగితమంతా లాగి కాలవలో పారేసి, గొట్టం మాత్రం జాగ్రత్తగా చెంగులో మూటగట్టుకుని వెళ్లారు. తెల్లారేసరికి కాలవ నిండా తెల్లగా తేలుతుంటే కొంగలు వాలాయేమో అనుకున్నాం. మా వీధి చివర ఆచారి గారింట్లో గుడ్డు పేరెత్తరు. ఆయన అట్టపెట్టె కోసం గుడ్లు కొనుక్కొచ్చి, మొహం పక్కకి తిప్పుకుని కుక్కలకి పోశారు. ఎవరో కార్న్ ఫ్లేక్స్ డబ్బాలు కొని లోపలి సరుకు గేదె కుడితిలో పోస్తే, ఆ గేదె వాసన చూసి అవతలకి వెళ్లిపోయింది.

కాలవ తూము మూసుకుపోయి మురుగు బడి గోడ దాకా వచ్చింది. రామభద్రయ్య గారు గోడ పక్కన నిలబడి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్లు చెమర్చగా అన్నారట, "కార్యక్రమానికి ముందు ఈ ఊళ్లో ఇంత వ్యర్థం ఉండేదా? మన కృషి ఫలిస్తోంది."

నేనూ ఒక చుట్ట కొన్నాను. చెప్పుకోడానికి సిగ్గెందుకు, పిల్ల చదువు కంటేనా? మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడంట వెనకటికి ఒకడు" అని భోజనానికి లేచారు.

నేను చేసిన పొరపాటల్లా ఆ చుట్టని వంటింటి గూట్లో పెట్టడం. మర్నాడు స్నానం చేసొచ్చి చూద్దును కదా, మా అత్తగారు అప్పటికే దానికి ఉద్యోగం ఇచ్చేశారు. కాగితం మడతలు పెట్టి అప్పడాల మధ్య పరిచారు. కొంత లాంతరు చిమ్నీ తుడవడానికి తీశారు. మిగిలింది సంచిలో వేసి తుమ్ములొచ్చినప్పుడు పనికొస్తుందని చిలక్కొయ్యకి తగిలించారు. గొట్టంలో తన కళ్లద్దాలు పెట్టుకుని దిండు పక్కన పెట్టుకున్నారు.

"అత్తయ్యా, ఆ గొట్టం పిల్లకి కావాలండీ. కత్తిరించి పిట్టని చెయ్యాలట" అన్నాను.

"ఇంత మంచి గొట్టాన్ని కత్తెర పెట్టి నాశనం చేస్తారేటే? పిట్ట కావాలంటే చింతచెట్టు మీద బోల్డున్నాయి, చూసుకోమను" అన్నారావిడ. జోషిత కూడా, "ఉంచుకోనీ అమ్మా, నానమ్మ కళ్లద్దాలు మాటిమాటికీ గీసుకుపోతున్నాయి. ఇంకోటి కొందాంలే" అంది.

ఇంకోటి కొనే వ్యవధి మాకు దొరకలేదు. పిల్లలు తెచ్చిన గొట్టాలన్నీ మరీ కొత్తగా ధగధగలాడుతున్నాయని ఎవరో కనిపెట్టారు. చెత్తలో కల్తీ జరుగుతోందని కరస్పాండెంటు గారు మండిపడ్డారు. 'సహజ పరిణామ క్రమంలో వ్యర్థమైన వస్తువులు మాత్రమే అర్హమైనవి' అని కొత్త నిబంధన పెట్టి, ఇంటింటికీ వెళ్లి సోదా చేయడానికి వ్యర్థ నిర్ధారణ కమిటీ వేశారు. వైస్ ప్రిన్సిపాల్ పురుషోత్తం గారు దానికి చైర్మన్. వెంట ఇద్దరు టీచరమ్మలు, ఒకామె రాసుకోడానికి, ఇంకొకామె ఫొటోలు తియ్యడానికి.

మా ఇంటికి సాయంత్రం పూట వచ్చారు. మా అత్తగారు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

"అమ్మా, మేము స్కూలు నుంచి వచ్చాం. మీ గృహ వ్యర్థోత్పత్తిని పరిశీలించాలి" అన్నారు పురుషోత్తం గారు.

"పరిశీలించండి నాయనా, మజ్జిగ తాగుతారా?" అన్నారావిడ.

ఆయన ఇల్లంతా తిరిగారు. చెత్తబుట్ట ఎక్కడన్నారు. చూపించాను. దాంట్లో ఉల్లిపాయలున్నాయి. పెరట్లో గుంట చూపించాను. అందులో పేడా ఆకులూ ఉన్నాయి, అది ఎరువండీ అన్నాను. ఎరువు ఉత్పత్తి కింద వస్తుంది గానీ వ్యర్థం కిందికి రాదన్నారాయన. వంటింట్లో అరల నిండా పాత హార్లిక్స్ సీసాలు చూసి ఆశగా దగ్గరికెళ్లారు. అన్నింట్లోనూ పప్పులున్నాయి. పాపం, ఆయన కష్టం చూస్తే నాకే జాలేసింది.

చివరికి దిండు పక్కన గొట్టం కనిపించింది. దొంగసొత్తు దొరికినట్టు ఒక్క ఉదుటున తీశారు. లోంచి కళ్లద్దాలు జారాయి.

"ఇది వాడుకలో ఉన్నట్టుందే!"

"ఆయ్, నావే" అన్నారు మా అత్తగారు.

"సదరు గొట్టము ప్రస్తుతం కళ్లద్దాల పెట్టెగా సేవలందిస్తున్నందున, దీనిని వ్యర్థముగా పరిగణించుటకు వీలులేదు. రాసుకోండి టీచర్." అని ఆయన మా అత్తగారి వైపు తిరిగి, కాస్త మొహమాటపడుతూ, "అమ్మా, ఇందులోని కాగితం... అంటే... మీరు దాన్ని దాని అసలు ప్రయోజనానికి వాడారా?" అని అడిగారు.

"అసలు ప్రయోజనం ఏటి బాబూ?"

ఆయన టీచర్ల వైపు చూశారు. టీచర్లు దూలాల వైపు చూశారు. ఆఖరికి ఆయనే ఎలాగో నసిగి చెప్పారు.

మా అత్తగారు చేటని పక్కన పెట్టేశారు. "కాగితంతోనా? ఛీ ఛీ ఛీ! ఏం నాయనా, మీ ఇళ్లలో నీళ్లు రావట్లేదా? ఆ ముక్క పంచాయతీ వాళ్లకి చెప్పుకోవాలి గానీ ఇలా కాగితాలతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? చదువుకున్నోళ్లు కూడానూ! మా బోరు ఉంది, మీరందరూ బిందెలు తెచ్చుకుని పట్టుకెళ్లండి, మొహమాటపడకండి."

ఫొటోలు తీసే టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది. పురుషోత్తం గారు మాత్రం చలించలేదు. గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పారు. "ఈ కుటుంబానికి వ్యర్థోత్పాదక సామర్థ్యం శూన్యం. విద్యార్థిని చెత్తపరంగా వెనకబడిన వర్గానికి చెందుతుంది. ఈమె విషయం పై స్థాయికి నివేదిస్తాం."

"మరి ఆరో తరగతి, సార్?" అని జోషిత అడిగింది.

"చూద్దామమ్మా. ప్రభుత్వాలే పేదలకి బియ్యం ఇస్తున్నాయి. మేము చెత్త ఇవ్వలేమా?" అని దాని తల నిమిరి వెళ్లిపోయారు.

ఆయన ఊరికే అనలేదు. వారం తిరక్కుండా 'చెత్త దత్తత' పథకం వచ్చింది. చెత్త మిగులు ఉన్న కుటుంబం చెత్త లేని కుటుంబాన్ని దత్తత తీసుకుని, తమ చెత్త ఇచ్చి ఆదుకోవాలి. ఊళ్లో మిగులంటే రైసుమిల్లు ఇందుమతి గారిదే. వాళ్లింట్లో పండక్కొకసారి వస్తువులన్నీ మార్చేస్తారు. లోటంటే మాదే. వార్షికోత్సవం నాడు వేదిక మీద ఇందుమతి గారు జోషితకి చెత్త బహూకరిస్తారు, జోషిత దాంతో అక్కడికక్కడే పెంగ్విను చేస్తుంది, ఆరో తరగతికి వెళ్లిపోతుంది. ఇదీ ఏర్పాటు.

నేను వద్దన్నాను. ఒకరి చెత్త చెయ్యి చాపి పుచ్చుకునే గతి మాకేం పట్టిందని ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చున్నాను. జోషితే వచ్చి నా పక్కన కూర్చుని, "అమ్మా, నా జట్టువాళ్లందరూ ఆరులోకి వెళ్లిపోతున్నారు. నేనొక్కదాన్నీ చిన్నపిల్లలతో కూర్చోవాలా? ఒక్క పిట్టే కదమ్మా, చేసేస్తాను" అంది. ఆ మాటతో నా పౌరుషం నీరుగారిపోయింది.

వార్షికోత్సవం బ్రహ్మాండంగా చేశారు. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని ప్లాస్టిక్ బ్యానరు కట్టారు. అతిథులకి ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులిచ్చారు. విద్యాశాఖ పర్యవేక్షక అధికారి ఒకాయన ముఖ్య అతిథి. ఆయన మంచినీళ్ల సీసా ఒకటి సగం తాగి పక్కన పెట్టి, ఇంకోటి విప్పి, "ఒక దేశపు నాగరికతకు దాని చెత్తే కొలబద్ద. అభివృద్ధి చెందిన దేశాల్లో ఎంత చెత్త ఉందో చూడండి. మనం ఎప్పటికి అందుకుంటాం?" అని ఆవేదనపడ్డారు. రామభద్రయ్య గారు తల పంకించారు.

తరవాత జోషితని పిలిచారు. కొత్త గౌను లేదు, ఉన్నదాన్నే మా అత్తగారు అంచు విప్పి పొడవు చేశారు. ఇందుమతి గారు పట్టుచీరలో నిండుగా వచ్చి, పెద్ద సంచి దాని చేతికిచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ తీసుకుని మళ్లీ ఇచ్చారు. ముందు వరసలో కూర్చున్న నాకు నేల చీలితే బావుండుననిపించింది. మా ఆయన తల దించుకుని చెప్పుల వైపే చూస్తున్నారు.

"చిరంజీవి జోషిత ఇప్పుడు ఈ వ్యర్థాలతో మీ కళ్లెదుటే కళాఖండమును రూపొందిస్తుంది" అని మైకులో చెప్పి, ఆ మైకుని పిల్ల మూతి దగ్గర పెట్టారు పురుషోత్తం గారు.

జోషిత సంచిని నేల మీద పెట్టి విప్పింది. ఒక గొడుగు తీసింది, తెరిచింది, మూసింది. ఒక బొమ్మ తీసింది. మూత బిగుసుకుపోయిన స్టీలు డబ్బా తీసి, గౌను అంచుతో పట్టుకుని ఒక్క మెలి తిప్పితే వచ్చేసింది. రంగు పెన్సిళ్లు తీసి అరచేతి మీద గీసి చూసుకుంది. సంచి అడుగుదాకా వెతికింది. తరవాత లేచి నిలబడి, ఇందుమతి గారి వైపు తిరిగింది.

"ఆంటీ, ఇందులో చెత్తేం లేదండి. గొడుక్కి ఒక్క ఊస ఊడిందండి, దారంతో కుట్టేస్తే సరిపోద్ది. బొమ్మకి చెప్పు లేదంతే. పెన్సిళ్లు చెక్కుకోవాలండి. మీరు పొరపాటున మంచి సంచి ఇచ్చేసినట్టున్నారు. మీకు పనికొస్తాయండి, తీసేసుకోండి."

మైకులోంచి ఆ మాట మైదానమంతా వినిపించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెనక ఇంకెవరో నవ్వారు. ఇందుమతి గారి మొహం ఎర్రబడిపోయింది. "మేం పారేసినవేనండీ అవి! అంటే మేం మంచివి పారేస్తామనా ఈ పిల్ల అర్థం?" అని కరస్పాండెంటు గారి మీదకి వెళ్లారు. ఆయన అధికారి గారి చెవిలో ఏదో అన్నారు. అధికారి గారు పురుషోత్తం గారి చెవిలో ఏదో అన్నారు. జోషిత గొడుగు చంకలో పెట్టుకుని మధ్యలో నిలబడి ఉంది, తప్పేం చేసిందో దానికి తెలియదు. నాకు లేచి వెళ్లి దాన్ని ఎత్తుకోవాలనిపించింది.

పురుషోత్తం గారు మైకు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు. "వ్యర్థమేదో, వ్యర్థం కానిదేదో గుర్తించుట పర్యావరణ విద్యలో తొలి మెట్టు. విద్యార్థినికి పదేపదే అవకాశాలు కల్పించినప్పటికీ, పేరుగాంచిన కుటుంబం వారి చెత్తను సైతం ఆమె చెత్తగా గుర్తించలేకపోయినది. చెత్త అంటే ఏమిటో ఈమెకు ప్రాథమిక అవగాహన లేనందున, ఐదవ తరగతిలోనే కొనసాగించాలని కమిటీ విచారపూర్వకంగా నిర్ణయించడమైనది."

చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్లకే తెలియాలి.

ఇంటికొస్తుంటే కాలవగట్టు మీద జోషిత ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ గొడుగు నిజంగా బానే ఉందమ్మా. నాన్న తోడు, ఒక్క ఊసే" అంది. "నాకు తెలుసే తల్లీ" అన్నాను. మా ఆయన దాన్ని భుజం మీదికి ఎత్తుకున్నారు, పదేళ్ల పిల్లని, ఇంటిదాకా దించలేదు.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లాను. సుభాషిణి మేడం నన్ను చూసి నవ్వారు. టీసీ ఇచ్చెయ్యండి, పాలకొల్లు మునిసిపల్ స్కూల్లో వేసుకుంటాను అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకమ్మా తొందరపడతారు? ఒక్క ఏడాదే కదా. మన స్కూల్లో మన మధ్యే మళ్లీ ఐదో తరగతి చదివితే, చెత్తంటే ఏమిటో పాపకి దానంతట అదే తెలుస్తుంది."

"అదేనండీ నా భయం కూడా" అన్నాను. టీసీ చేతికిచ్చేదాకా ఆ గుమ్మంలోంచి కదల్లేదు.